నీళ్ల గిన్నె పక్కన దాహం

పదవీ విరమణ చేసి 11 ఏళ్లు దాటినా, సలహా కోసం మా ఇంటి మెట్లెక్కేవారి సంఖ్య తగ్గలేదు. మోకాళ్ల నొప్పి, చక్కెర వ్యాధి, రక్తపోటు, నిద్రలేమి... ఇవి నేను నిత్యం వినే మాటలు. గత దసరా సెలవుల్లో మాత్రం, ఇన్నేళ్ల వైద్యవృత్తిలో ఎవరూ అడగని ప్రశ్న ఒకటి నా ముందుకు వచ్చింది. అడిగినవాడు బెంగుళూరులో ఎనిమిదో తరగతి చదువుతున్న మా మనవడు.

"తాతా, మొదటిసారిగా ఊసరవెల్లిని పెంచుకోవాలంటే ఏ రకం మంచిది? దాని గూడు ఎంత ఉండాలి?"

వాడు ఊరికే అడగలేదు. నోటుపుస్తకంలో కొలతలతో సహా బొమ్మ గీసుకొని వచ్చాడు. వెడల్పు 2 అడుగులు, లోతు 2 అడుగులు, ఎత్తు 4 అడుగులు. చుట్టూ జాలీ, లోపల కొమ్మలు, పైన దీపం. "తాత సరేనంటే చూద్దాం" అని వాడి తల్లిదండ్రులు భారాన్ని నా మీదికి నెట్టారు. కాదనే పనిని ఇంటి పెద్దలకు అప్పగించడం పిల్లల్ని కన్నవారందరూ చేసేదే. ఒకప్పుడు నేనూ చేశాను.

ఒక్క మాటతో కాదనవచ్చు. కాని ఆ మాట నా నోట రాలేదు. ఊసరవెల్లి విషయంలో నాకొక పాత బాకీ ఉంది. ఆ సంగతి ముందు ముందు చెబుతాను. "రెండు రోజులు ఇద్దరం కూర్చొని చదువుదాం, ఆ తరువాత నిర్ణయించుకుందాం" అన్నాను. అప్పుడు చదివినదీ, ఆ పిదప జరిగినదీ ఇక్కడ రాస్తున్నాను. విదేశాల్లో స్థిరపడిన మన పిల్లల పిల్లలు ఇదే కోరిక కోరితే పెద్దలకు ఉపయోగపడవచ్చు. ఇక్కడ ఉన్నవారికి మరో విధంగా ఉపయోగపడుతుందని నా నమ్మకం.

ముందుగా ఒక పొరపాటును సరిచేసుకోవాలి. తొండ ముదిరితే ఊసరవెల్లి అవుతుందని మనవాళ్లు సామెత చెబుతారు. మనుషుల విషయంలో అది నిజం కావచ్చు గాని, తొండ ఎంత ముదిరినా తొండే. రెండూ బల్లుల వర్గానివే అయినా కుటుంబాలు వేరు. కంచెల మీద తల ఆడిస్తూ, గొంతు ఎర్రబరచుకొని, మనల్ని చూడగానే పరుగు లంకించుకునేది తొండ. ఊసరవెల్లి పరుగెత్తదు. ఒక అడుగు ఎత్తి, గాలికి ఊగే ఆకులా ముందుకూ వెనక్కూ ఊగి, ఏదో ఆలోచించినట్టు ఆగి, అప్పుడు దించుతుంది. దాని వేళ్లు రెండు గుంపులుగా చీలి, పట్టకారులా కొమ్మను పట్టుకుంటాయి. తోక కొమ్మకు చుట్టుకొని ఐదో చేయిలా పనిచేస్తుంది. రెండు కళ్లూ దేనికది వేరుగా తిరుగుతాయి. ఒకటి ఎదుటి మిడత మీద ఉంటే, మరొకటి వెనుక నిలబడిన మనిషి మీద ఉంటుంది. నాలుక దేహమంత పొడవు, ఒక్కోసారి అంతకు మించి కూడా, రెప్పపాటులో సాగి పురుగును అంటించుకొని వెనక్కి వస్తుంది.

ప్రపంచంలో 200కు పైగా ఊసరవెల్లి జాతులున్నాయి. వాటిలో దాదాపు సగం మడగాస్కర్ దీవిలోనే ఉన్నాయి. మన దేశంలో ఉన్నది ఒకే ఒక జాతి. 1768లో శాస్త్రజ్ఞులు దానికి పేరు పెట్టినప్పుడు సింహళం పేరు కలిపి పెట్టారు గాని, అది మన ఎండు అడవుల ప్రాణి కూడా. 86 ఏళ్ల పాటు ఎవరి కంటా పడకుండా పోయి, 1986లో మన జిల్లాలోనే మళ్లీ కనిపించిన కలివికోడి కథ కడప వారందరికీ తెలుసు. అలాంటి ముళ్లపొదల అడవులే ఈ ఊసరవెల్లికీ ఇల్లు. తుమ్మ, రేగు, బలుసు పొదల్లో అది కళ్లెదుటే ఉన్నా మనకు కనబడదు.

కూర్చున్న చోటి రంగునల్లా అది తెచ్చుకుంటుందన్న మాట సరికాదు. చలిగా ఉన్నప్పుడు వేడిని పీల్చుకోవడానికి నల్లబడుతుంది. భయం, కోపం, జతకోసం ఆరాటం, అనారోగ్యం... వీటన్నిటికీ దాని చర్మం మీద రంగులున్నాయి. 2015లో జెనీవా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు మడగాస్కర్ ఊసరవెల్లి ఒకదానిని పరిశీలించి, చర్మకణాల్లోని అతిసూక్ష్మ స్ఫటికాల మధ్య దూరం మారడం వల్ల పరావర్తనం చెందే కాంతి మారుతుందని తేల్చారు. అంటే రంగు దానికి మారువేషం కన్నా ఎక్కువగా ఒక భాష. ఆ భాష చదవడం రానివాడు దానిని పెంచలేడు. ఈ మాట మనవడికి నచ్చింది. నోటుపుస్తకంలో రాసుకున్నాడు.

ఇక ఏ రకం అన్న ప్రశ్న. పెంపకానికి అనుమతి ఉన్న దేశాల్లో మూడు పేర్లు ఎక్కువగా వినిపిస్తాయి. మొదటిది యెమెన్, సౌదీ అరేబియా ప్రాంతాలది. తలమీద కిరీటంలాంటి ఎత్తైన ఎముక ఉంటుంది. కాస్త గట్టి ప్రాణి కనుక కొత్తవారికి దీనినే చెబుతారు. రెండవది మడగాస్కర్ నుండి వచ్చిన పాంథర్ ఊసరవెల్లి. రంగులకు పేరుపొందినది, ఖరీదైనది. మూడవది తూర్పు ఆఫ్రికా కొండల జాక్సన్ ఊసరవెల్లి. మగదానికి మూడు కొమ్ములుంటాయి, ఆడది గుడ్లు పెట్టక పిల్లల్నే కంటుంది. అది చల్లదనం కోరుతుంది. ఏ రకమైనా అడవిలో పట్టి తెచ్చినదానిని కొనరాదు. ప్రయాణపు బడలిక, నీటి కొరత, కడుపులో పరాన్నజీవులు కలిసి చాలావాటిని త్వరలోనే చంపుతాయి. పెంపకంలోనే పుట్టిన పిల్లను, అదీ కొన్ని నెలలు నిండినదానిని ఎంచుకోవాలి. కళ్లు ఉబ్బెత్తుగా, పగలంతా తెరచి ఉండాలి. కాళ్లు వంకర లేకుండా నిటారుగా ఉండాలి. కొమ్మను గట్టిగా పట్టుకోగలగాలి. పగటిపూట కళ్లు మూసుకొని కూర్చున్న ఊసరవెల్లి నిద్రపోవడం లేదు, జబ్బుపడింది.

యెమెన్ రకంలో ఆడది మగదాని తోడు లేకపోయినా గుడ్లు పెడుతుంది. తవ్వుకోవడానికి తడి ఇసుక దొరకకపోతే గుడ్లు లోపలే నిలిచిపోయి ప్రాణం తీస్తాయి. కనుక మొదటిసారి పెంచేవారికి మగదే మేలని చెబుతారు. జంటగా పెంచకూడదు. అది ఏకాంతజీవి. అద్దంలో తన నీడను చూసినా శత్రువనుకొని కుంగిపోతుంది. చేతిలోకి తీసుకొని ముద్దుచేస్తే ఓర్చుకుంటుందే తప్ప సంతోషించదు.

"మరి దానితో ఆడుకోవడమెట్లా?" అన్నాడు మనవడు.

"ఆడుకోవడం ఉండదు నాయనా. చూడటమే."

వాడు కొంచెం సేపు మాట్లాడలేదు. తరువాత గూడు సంగతికి వెళ్దామన్నాడు.

వాడు గీసిన కొలతలు తప్పు కాదు. పెద్ద ఊసరవెల్లికి ఆ మాత్రం చోటు ఉండాలి. ఎత్తు ముఖ్యం, ఎందుకంటే అది పైకి ఎక్కి మనకన్నా ఎత్తులో ఉంటేనే భయం లేకుండా ఉంటుంది. అద్దాల పెట్టెలో గాలి ఆడక ఊపిరితిత్తుల జబ్బులు వస్తాయి కనుక జాలీ గూడు మంచిదంటారు. లోపల దాక్కోవడానికి నిజమైన మొక్కలుండాలి. మందారం, మనీప్లాంటు పనికివస్తాయి. పై కొమ్మ దగ్గర దీపపు వేడి 30 డిగ్రీలకు కాస్త అటూ ఇటూగా ఉండాలి. కింద చల్లగా ఉండాలి. రాత్రి ఇంకా చల్లబడాలి. దాని రక్తానికి స్వంత వేడి లేదు. వేడి కావాలన్నా నీడ కావాలన్నా నడిచి వెళ్లవలసిందే. గూటిలో ఆ రెండూ లేకపోతే అది ఎక్కడికి వెళ్తుంది? మే నెలలో 42 డిగ్రీలు దాటే కడప ఇంట్లో, కరెంటు పోయిన మధ్యాహ్నం, జాలీ పెట్టె లోపల నీడ అన్నది ఎక్కడుంటుంది?

ఆ తరువాత నీళ్ల ప్రస్తావన వచ్చింది. నా బాకీ సంగతి అక్కడే ఉంది.

అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. పెన్న ఒడ్డున ఒక పల్లె. మా నాయన అక్కడి చిన్న ఆసుపత్రిలో కాంపౌండరు. మందుసీసాలు వచ్చిన చెక్కపెట్టె ఒకటి నాకు దొరికింది. పాత పటం అద్దం తీసి దానికి ముందు భాగాన బిగించాను. బీడులో బలుసు పొద మీద దొరికిన ఊసరవెల్లిని అందులో ఉంచాను. రోజూ బడి వదలగానే మిడతలు పట్టి తెచ్చేవాణ్ని. మా చెల్లెలి ఉగ్గుగిన్నె నిండా నీళ్లు పోసి పెట్టెలో ఉంచేవాణ్ని. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నీళ్లు మార్చేవాణ్ని. అంత శ్రద్ధగా అప్పటిదాకా నేను ఏ పనీ చేయలేదు.

మొదట రెండు మిడతలు తిన్నది. తరువాత తినడం మానేసింది. పగలే కళ్లు మూసుకొని కూర్చునేది. ఉబ్బెత్తుగా ఉండే కళ్లు క్రమంగా లోపలికి దిగిపోయాయి. చర్మం ముడతలు పడింది. పన్నెండో రోజో పదమూడో రోజో పొద్దున లేచి చూస్తే, కొమ్మను పట్టుకున్న పట్టు వదలకుండానే చచ్చిపోయి ఉంది. గిన్నెలో నీళ్లు నిండుగానే ఉన్నాయి. ఇంటివాళ్లు దానికి అంతే రాసిపెట్టి ఉందన్నారు. నేను ఏడ్చాను, మరచిపోయాను.

మరచిపోయాననుకున్నాను. 1975 ప్రాంతంలో కర్నూలు వైద్య కళాశాలలో చదువుతుండగా, ఒక వేసవిలో పిల్లల వార్డులో మమ్మల్ని ఒక పసివాడి మంచం చుట్టూ నిలబెట్టారు. విరేచనాలతో తెచ్చిన బిడ్డ. నిర్జలీకరణ లక్షణాలు మా ప్రొఫెసరు గారు ఒక్కొక్కటే చూపిస్తున్నారు. కళ్లు లోతుకు పోవడం, పొట్ట మీద చర్మాన్ని చిటికెతో పట్టి వదిలితే ముడత అలాగే నిలిచిపోవడం, ఏడ్చినా కన్నీరు రాకపోవడం. ఆ క్షణంలో నాకు మా పల్లెలోని చెక్కపెట్టె కనిపించింది. ఆ కళ్లు నేను ముందే చూశాను. నా ఊసరవెల్లి దాహంతో చచ్చిపోయింది. నీళ్ల గిన్నె పక్కనే ఉండగా.

ఆ బిడ్డ కోలుకున్నాడు. నాకు మాత్రం ఒక ప్రశ్న మిగిలింది. ఎదురుగా నీళ్లుంటే అదెందుకు తాగలేదు? చాలా ఏళ్లకు గాని జవాబు తెలియలేదు. ఊసరవెల్లి నిలువ నీటిని నీరుగా గుర్తించదు. దానికి నీరంటే ఆకు మీద జారే మంచుబొట్టు, వానచినుకు. మెరిసి, కదిలి, కిందికి జారే బొట్టును చూస్తేనే నాలుక చాస్తుంది. అందుకే దానిని పెంచేవారు గిన్నెలు పెట్టరు. ఆకుల మీద నీళ్లు చిలకరిస్తారు, లేదా పైనుంచి బొట్లుబొట్లుగా పడే ఏర్పాటు చేస్తారు. నేను రోజుకు రెండుసార్లు మార్చిన ఆ నీళ్లు నా తృప్తి కోసమే తప్ప దానికి నీళ్లే కావు.

ఉండటం వేరు, అందటం వేరు. వైద్యవృత్తిలో నేను పదేపదే నేర్చుకున్న పాఠం ఇదే. వార్డులో మంచం పక్కన బల్ల మీద మంచినీళ్ల చెంబు ఉంటుంది. పక్షవాతం వచ్చిన మనిషి చేయి అక్కడిదాకా వెళ్లదు. ఇంట్లో కుండ నిండుగా ఉంటుంది. 80 ఏళ్ల అవ్వకు దాహం తెలియదు, ఎందుకంటే వయసు మీదపడినకొద్దీ దాహం అనే సూచనే మందగిస్తుంది. వడదెబ్బతో తెచ్చిన వృద్ధుల బంధువులు ఇంట్లో నీళ్లకేం కొదవ లేదని చెప్పిన సందర్భాలు నాకు ఎన్నో గుర్తున్నాయి. అడిగితే ఇద్దామనుకోకండి. వేసవిలో పెద్దవాళ్లకు గంటకోసారి చేతికి అందించి తాగించండి.

ఎండ విషయంలోనూ ఇదే తీరు. నా పెట్టెకు అద్దం ఉందని చెప్పాను కదా. ఆ అద్దం గుండా వెలుగు వచ్చేది. ఎండ వచ్చిందనే అనుకున్నాను. చర్మంలో విటమిన్ డి తయారయ్యేది సూర్యకాంతిలోని అతినీలలోహిత బి కిరణాల వల్ల. మామూలు కిటికీ అద్దం ఆ కిరణాలను దాదాపు పూర్తిగా ఆపేస్తుంది. గూటిలో పెంచే ఊసరవెల్లికి ఈ కిరణాలిచ్చే ప్రత్యేక దీపం పెట్టాలి. ఆ దీపానికి ఒక మోసం ఉంది. కొన్ని నెలలు గడిచేసరికి అందులోని ఆ కిరణాలు క్షీణిస్తాయి, కాంతి మాత్రం వెలుగుతూనే ఉంటుంది. చూసేవారికి దీపం బాగానే ఉంది, ఊసరవెల్లికి మాత్రం ఎండ లేదు. అందుకే వెలుగుతున్న దీపాన్నే 6 నుండి 12 నెలలకోసారి మార్చమంటారు. దానికి తోడు, పురుగుల్లో కాల్షియం తక్కువ, భాస్వరం ఎక్కువ. కాల్షియం పొడి అద్ది పెట్టాలి. ఈ రెండూ లోపిస్తే ఎముకలు మెత్తబడి, కాళ్లు వంగి, దవడ జారిపోతుంది. పిల్లల్లో మనం రికెట్స్ అని పిలిచే జబ్బుకు ఇది తోబుట్టువు. మన ఎండల దేశంలో విటమిన్ డి లోపం ఇంత విస్తారంగా ఎందుకు ఉందని అడిగేవారికి నేను ఈ గూడే ఉదాహరణగా చెబుతాను. అద్దాల కిటికీ పక్కన కూర్చొని చదువుకునే బిడ్డకు వెలుగు ఉంది, ఎండ అందలేదు.

రెండో రోజు సాయంత్రం, వైద్యుడిగా నేను చెప్పి తీరవలసిన మాట చెప్పాను. బల్లులు, తాబేళ్లు, పాములు, ఊసరవెల్లుల పేగుల్లో సాల్మొనెల్లా అనే సూక్ష్మక్రిమి తరచుగా నివసిస్తుంది. ఆ ప్రాణికి దానివల్ల ఏ జబ్బూ ఉండదు. చూడటానికి ఎంత శుభ్రంగా ఉన్నా మలంలో ఆ క్రిమిని విసర్జిస్తుంటుంది. దాని ఒంటి నుండి, గూటి నుండి, ఆ గూడు కడిగిన తొట్టి నుండి అది చేతులకు, చేతుల నుండి నోటికి చేరుతుంది. ఆరోగ్యవంతుడైన పెద్దవాడికి నాలుగు రోజుల జ్వరం, కడుపునొప్పి, విరేచనాలతో పోవచ్చు. పసిబిడ్డలకు మాత్రం అది రక్తంలోకీ, మెదడు పొరల్లోకీ పాకే ప్రమాదం ఉంది. బిడ్డ ఆ ప్రాణిని తాకనవసరం లేదు, తాకిన చేతులు బిడ్డను ఎత్తుకుంటే చాలు. అమెరికాలో చిన్న తాబేళ్ల వల్ల పిల్లలు జబ్బుపడుతున్నారని 1975లో 4 అంగుళాల లోపు డిప్ప ఉన్న తాబేళ్ల అమ్మకాన్నే నిషేధించారు. ఐదేళ్ల లోపు పిల్లలు, 65 దాటినవారు, రోగనిరోధక శక్తి తగ్గినవారు ఉన్న ఇళ్లలో ఇటువంటి ప్రాణులు వద్దని అక్కడి ఆరోగ్య సంస్థలు చెబుతాయి.

"మన ఇంట్లో లెక్కపెట్టు" అన్నాను.

వాడు వేళ్లు మడిచాడు. వాడి చెల్లెలు, అప్పుడే పాకడం నేర్చిన ఎనిమిది నెలల పిల్ల. కీళ్లవాతానికి రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడుతూ, ఏడాదిలో నాలుగు నెలలు వాళ్లింట్లో ఉండే వాడి అవ్వ. 71 ఏళ్ల నేను. మూడు వేళ్లు మడిచి నా వైపు చూశాడు.

"నేను చేతులు కడుక్కుంటాను తాతా."

"నువ్వు కడుక్కుంటావు. పాపకు తెలియదు గదా."

చట్టం మాట కూడా చెప్పాను. మన ఊసరవెల్లి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణలో ఉంది. దానిని పట్టడం, అమ్మడం, ఇంట్లో ఉంచుకోవడం నేరం. పైన చెప్పిన మూడు విదేశీ రకాలూ అంతర్జాతీయ వాణిజ్య ఒప్పందపు జాబితాలో ఉన్నవే. చట్టాన్ని 2022లో సవరించిన తరువాత, 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం ఆ జాబితాల్లోని ప్రాణి ఎవరి దగ్గర ఉన్నా ప్రభుత్వ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. కాగితాలు లేకుండా పెట్టెలో పెట్టి చేతికిచ్చే వ్యాపారి దగ్గర కొన్నవాడు జబ్బునే కాదు, నేరాన్ని కూడా ఇంటికి తెచ్చుకున్నట్టే.

వాడు ఒప్పుకున్నట్టే తల ఊపాడు గాని, ముఖంలో ఒప్పుదల లేదు. పుస్తకంలోని కారణాలతో పిల్లల కోరిక తీరదు. పెద్దలదీ తీరదు.

మూడో రోజు పొద్దున, చింతకొమ్మదిన్నె అవతల మా తోటలో పనిచూసే మనిషి ఒక గంపను ఇంటి ముందు దించాడు. మీద తడిగుడ్డ కప్పి ఉంది.

"చిన్నాయన ఊసరవెల్లి కావాలంటాండాడని మొన్న మీరు అనుకుంటాంటిరి గదా సార్. కంచె కాడ కనపడితే పట్టుకొచ్చినా."

గుడ్డ తీశాడు. మట్టిరంగుకు తిరిగి, ఒంటినిండా నల్లని మచ్చలు పరచుకొని, దేహాన్ని ఆకులా పలచగా చేసుకొని, నోరు తెరచి బుసకొడుతూ ఉంది. 62 ఏళ్ల తరువాత అంత దగ్గరగా చూడటం నాకు అదే మొదటిసారి. మనవడి కళ్లు మెరిశాయి. ప్రేమతో తెచ్చిన మనిషిని కోప్పడలేను. అది నేరమని మాత్రం నెమ్మదిగా చెప్పాను. ఆయన బిత్తరపోయాడు. "తప్పయిపాయె సార్" అన్నాడు.

మనవడు నన్ను అడిగింది ఒక్కటే. "తాతా, ఒక్క రోజు ఉంచుకుందామా?"

నిజం చెబుతున్నాను, నా మనసు కూడా ఒక్క క్షణం అటు మొగ్గింది. వాడి బొమ్మలోని కొలతలు సరిగ్గా ఉన్నాయి. ఈసారి నాకు అన్నీ తెలుసు. నీళ్లెలా ఇవ్వాలో తెలుసు, ఎండెలా ఇవ్వాలో తెలుసు. పాత బాకీ తీర్చుకోవచ్చుననిపించింది. కాని అది నా బాకీ. ఆ ప్రాణికి దానితో సంబంధం లేదు.

"దాని రంగు చదువు" అన్నాను.

వాడు గంప దగ్గర గొంతుకూర్చొని చూశాడు. చాలాసేపు చూశాడు. "భయపడుతోంది" అన్నాడు. ఇంకొంచెం ఆగి, "మనల్ని చూసే" అన్నాడు.

వెంటనే బయలుదేరాం. పట్టిన మనిషినే వెంట తీసుకొని, పట్టిన చోటికే వెళ్లాం. కొత్త చోట వదిలితే దానికి నీడా, తిండీ, దాక్కునే తావూ తెలియవు. కంచెలో ఒక కానుగ చెట్టు, దాని మీదికి పాకిన తీగలు ఉన్నాయి. గంపలోకి కర్ర చాచితే మెల్లగా దాని మీదికి ఎక్కింది. కర్రను కొమ్మకు ఆనించాం. అది కొమ్మ మీదికి మారి, ఊగి, ఆగింది. మనవడు తన సీసాలోని నీళ్లను అరచేతిలో పోసుకొని, దాని తల పైనున్న ఆకుల మీద చిలకరించాడు. నేను చెప్పలేదు. చదివినది వాడికే గుర్తొచ్చింది.

ఒక కన్ను పైకి తిరిగింది. ఆకు చివర వేలాడుతున్న బొట్టు మీద నిలిచింది. మెడ నెమ్మదిగా చాచి బొట్టును నోట పట్టింది. తరువాత ఇంకొకటి. ఇంకొకటి. గొంతు కదలడం స్పష్టంగా కనిపించింది. ఊసరవెల్లి నీళ్లు తాగడం నేను నా జీవితంలో చూడటం అదే మొదలు. తొమ్మిదేళ్ల వయసులో చూసి ఉండవలసిన దృశ్యం.

కొద్దిసేపటికి మచ్చలు వెలిసిపోయి ఒళ్లు పచ్చబడింది. పావుగంట తరువాత అది ఎక్కడుందో మా ముగ్గురిలో ఎవరికీ కనబడలేదు. బోరు దగ్గర సబ్బుతో చేతులు కడుక్కొని ఇంటికి వచ్చాం.

పాఠకులకు నా మనవి ఇది. ఇంటికి ఏ ప్రాణిని తేవాలన్నా, ఏది ముద్దుగా ఉందన్న ప్రశ్నతో మొదలుపెట్టవద్దు. చట్టం ఒప్పుతుందా? ఇంట్లో పసివాళ్లు, వృద్ధులు, దీర్ఘరోగులు ఉన్నారా? మే నెలలో, కరెంటు లేని పూట, మనం ఊళ్లో లేని వారం రోజులు దాని సంగతి ఏమిటి? జబ్బు చేస్తే దానిని చూడగల పశువైద్యుడు మన ఊళ్లో ఉన్నాడా? వీటికి జవాబులు దొరికిన తరువాతే దాని గూడు కొలతలు. విదేశాల్లో చట్టబద్ధంగా ఇటువంటి ప్రాణిని ఇప్పటికే పెంచుతున్నవారు ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోండి. గూటినీ పాత్రలనూ వంటగది తొట్టిలో కడగవద్దు. ఐదేళ్ల లోపు పిల్లల్ని దూరంగా ఉంచండి. ఇంట్లో ఎవరికైనా జ్వరంతో విరేచనాలు పట్టుకుంటే, ఇటువంటి ప్రాణి ఇంట్లో ఉందన్న మాట డాక్టరుకు మీరే చెప్పండి. మేము అడగడం మరచిపోవచ్చు.

మన ఊళ్లలో ఊసరవెల్లి కనబడితే రాయి ఎత్తవద్దు. దానికి విషం లేదు, దానిలో అపశకునమూ లేదు. ఆడది గుడ్లు పెట్టడానికి చెట్టు దిగి, నేల వెతుక్కుంటూ రోడ్డు దాటుతుంది. ఆ నడకతో దాటడానికి చాలాసేపు పడుతుంది. బండి ఆపి, కర్ర అందించి, అది వెళ్తున్న వైపు పొద మీదికి చేర్చండి. గాయపడి ఉంటే అటవీశాఖ వారికి తెలియజేయండి.

మా మనవడు గీసిన గూడు తయారైంది. వడ్రంగికి అప్పటికే చెప్పి ఉంచాడు, కాదనడం బాగుండదు. అది ఇప్పుడు మా పెరట్లో కరివేపాకు మొక్క చుట్టూ నిలబడి మేకల నుండి దానిని కాపాడుతోంది. వాడు వెళ్తూ నోటుపుస్తకాన్ని నా దగ్గరే వదిలిపెట్టాడు. తోటకు వెళ్లినప్పుడల్లా కానుగ చెట్టును చూసి, కనబడితే తేదీ, రంగు రాయమన్నాడు. ఇప్పటికి ఏడుసార్లు చూశాను. ఏడుసార్లూ ఒకే మాట రాశాను, కనబడలేదని. ఫోనులో చదివి వినిపిస్తే వాడు నవ్వుతాడు.

"అంటే అక్కడే ఉందన్నమాట తాతా" అంటాడు.